కాలరు దగ్గర

జూన్ 4

అక్కా,

ఉత్తరం రాసి చాలా రోజులైందని నువ్వు తిట్టకముందే నన్ను నేనే తిట్టేసుకున్నాను. కాబట్టి నీకు ఆ శ్రమ లేదు. అసలు సంగతికొస్తాను. నాకు నీ ముక్కుతో పనిపడింది.

మా ఆఫీసులో ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పని నత్తనడక నడుస్తోందని చెప్పాను కదా. ఈమధ్య మా పెద్దాయన నాకు వాడుక క్రియలు అప్పగించారు. పుస్తకాల్లో రాసుకునేవి కాదు, ఇంట్లో నవ్వుకుంటూ అనుకునే మాటలు. అందులో 'నిఫ్' అని ఒకటి తగిలింది. పిసరంత మాట, నా ప్రాణం తోడేస్తోంది. అర్థం, చెడ్డ వాసన రావడం. దానికి పర్యాయపదాలని స్టింక్, రీక్, పాంగ్, హమ్ అంటూ ఇంకో బలగం ఉంది. నేను అందరికీ కలిపి 'కంపుకొట్టు' అని రాసి చేతులు దులుపుకున్నాను. పెద్దాయన ఎర్రసిరాతో కొట్టేసి, "ఏమయ్యా, ఇంటిల్లిపాదికీ ఒకే కొలత చొక్కా కుట్టిస్తావా?" అన్నారు.

ఆయన చెప్పిందేమిటంటే, స్టింక్ అన్నది ఎవర్నైనా అనొచ్చట. రీక్ అంటే గదంతా పట్టేసేదట. నిఫ్ మాత్రం మనవాళ్ళనే అంటామట. అందులో అసహ్యం ఉండదు, ఆటపట్టించడం ఉంటుంది. అటువంటి మాట తెలుగులో వెతికి పట్టుకురమ్మన్నారు. మా ఆఫీసులో అందరివీ కాగితం వాసన పట్టే ముక్కులే. డెయిరీలో ఇన్నేళ్ళుగా వాసన చూసి పాలు తీసుకునే మనిషివి నువ్వు. నీకు తెలిసిన కంపులన్నీ రాయి. కొత్తవాళ్ళకి పని నేర్పడానికి గుడ్డముక్కలు సీసాల్లో పెట్టి వాసన చూపిస్తావే, అలాంటివి ఉంటే అవి కూడా పంపు. పొట్లాలు మాత్రం ఆఫీసుకి పంపు. ఇంటికి వస్తే మీ మరదలు ఊరుకోదు, కంటికి కనపడ్డ గుడ్డనల్లా ఉతికి ఆరేస్తోంది. మొన్న నా కళ్ళద్దాలు తుడుచుకునే గుడ్డకి గంజి పెట్టింది.

బావ పోయినప్పుడు నేను వచ్చి ఉన్న నాలుగు రోజులూ నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఏం మాట్లాడాలో తోచలేదు. మాటల ఆఫీసులో పనిచేసేవాడి బతుకు ఇలా ఉంది. ఎలా ఉన్నావక్కా?

నీ తమ్ముడు


జూన్ 12

ఒరేయ్ నిఘంటువూ,

బతికే ఉన్నాను. ఎలా ఉన్నానని అడగడానికి నీకు ఒక కంపు మాట అడ్డం కావాల్సి వచ్చింది. పోనీలే, ఏదో ఒకటి.

నీ పెద్దాయనకి చెప్పు, మా దగ్గర కంపు అని ఊరికే అంటే పని జరగదని. పొద్దున్నే పాల క్యాన్లు బండ్ల మీంచి దిగుతాయి. మూత తీసి, పాలని కాదురా, ఆ మూతని తిరగేసి ముక్కు దగ్గర పెట్టుకోవాలి. దారంతా పాలు వదిలిన వాసన ఆ మూతలో పట్టి ఉంటుంది. అది గాలికి పోయేలోపు పట్టుకోవాలి. బాగుంటే చెయ్యి ఊపుతాను. బాగాలేకపోతే క్యాను పక్కకి నెడతాను, బండివాడు నా వంశాన్నంతా తలుచుకుంటాడు. పులిసినది వేరు, పులవబోతున్నది వేరు. క్యాను సరిగ్గా కడక్కపోతే పాచి వాసన. గొడ్డు మేసినదాన్ని బట్టి పచ్చిగడ్డి వాసన. నూనె మాడితే కమురు. గుడ్డు, చేప అయితే నీచు. ఉతకని పక్కబట్టది గవులు. నిలవ గింజలు ముక్కిపోతాయి. వీటన్నిటికీ కలిపి కంపుకొట్టు అని రాశావంటే నీ చెవి మెలెయ్యాల్సింది నీ పెద్దాయన కాదు, నేను.

ఇక నవ్వుతూ అనేది అడిగావు. మీ బావ డెయిరీ బాయిలర్ దగ్గర్నుంచి వచ్చి, చొక్కా అయినా విప్పకుండా నేను ఏం చేస్తున్నానో చూడ్డానికి నా వెనక నిలబడేవారు. "ఛీ, కంపు! అవతలికి పోండి" అనేదాన్ని. ఆయన కావాలని ఇంకా దగ్గరికి వచ్చేవారు. నేను మోచేత్తో పొడిచేదాన్ని. పొడిచీ, అక్కడే ఉండేదాన్ని. నీ నిఫ్ అదేనేమో చూసుకో.

రెండు సీసాలు పంపుతున్నాను. ఎర్రదారం కట్టింది కమురు, తెల్లదారం కట్టింది పులుపు. మా ట్యాంకరు డ్రైవరు మీ ఊరు వస్తున్నాడు, ఆఫీసులో ఇమ్మన్నాను. ఆ మధ్య జ్వరం వచ్చి తగ్గింది గానీ జలుబు వదల్లేదు. మరదలికి చెప్పు, నేను వస్తే నన్ను కూడా నానబెట్టేలా ఉందని.

అక్క


జూన్ 20

అక్కా,

నీ సీసాలు మా ఆఫీసులో పెళ్ళి సందడి తెచ్చాయి. టైపిస్టు ముక్కు మూసుకుని పారిపోయి, మళ్ళీ ఇంకోసారి చూస్తానని వచ్చింది. ప్రూఫులు దిద్దే ఆయన పొద్దుట తిన్నది గుర్తుకొస్తోందన్నారు. కానీ దారాలు తారుమారు చేశావు. ఎర్రదారంలో పులుపు, తెల్లదారంలో కమురు ఉన్నాయి. అంత పెద్ద ముక్కుకి వయసు మీదపడిందని అందరికీ చెప్పి నీ పరువు తీశాను.

నువ్వు రాసిన ఆ మోచేతి సంగతి పెద్దాయనకి చదివి వినిపించాను. కోప్పడకు, బావ అని చెప్పలేదు, మా బంధువుల్లో ఒకావిడ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, "దగ్గరికొచ్చావు. ఇంకొంచెం వెతుకు" అన్నారు. ఆయన పొగడ్త ఇంతకన్నా పెద్దది ఉండదు.

ఇక్కడే ఇంకో చిక్కు వచ్చింది. నిఫ్‌కి ఇచ్చిన ఉదాహరణలన్నీ మనిషి వాసనలే. మేజోళ్ళు, బూట్లు, ఆడుకుని వచ్చిన పిల్లలు. పాల వాసనతోనూ నూనె వాసనతోనూ అది తేలడం లేదు. మీ దగ్గర కష్టం చేసేవాళ్ళు విడిచిన పాత గుడ్డ ఏదైనా ఉంటే పంపవా? చెమట ఎంత పడితే అంత మంచిది. నవ్వకు, ఇది పదవిజ్ఞానం.

నీ తమ్ముడు


జూలై 1

తమ్ముడూ,

దారాలు తారుమారు కాలేదురా. నాకు ఏది ఏదో తెలియలేదు.

జలుబని అనుకున్నాను. జలుబు పోయింది, వాసన రాలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. జ్వరంలో లోపల ఏదో నరం దెబ్బతిందన్నాడు. తిరిగి వస్తుందా అంటే, కొందరికి వస్తుందన్నాడు. ఆ 'కొందరికి' అన్నప్పుడు నా మొహం చూడలేదు.

ఇన్నాళ్ళూ నటించాను. మూత ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని, బండివాడి కళ్ళు చూసేదాన్ని. పాలు చెడ్డాయని తెలిసినవాడు నా చేతివైపు చూస్తాడు, తెలియనివాడు తన బండివైపు చూస్తాడు. అలా కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను. పోయిన వారం ఒకడు ఎటూ చూడలేదు. నేను చెయ్యి ఊపాను. ఒక్క క్యానుతో తొట్టెడు పాలూ విరిగిపోయాయి. సూపర్‌వైజరు మంచివాడే, అరవలేదు. క్యాన్లు కడిగే షెడ్డుకి మార్చాడు. అక్కడ ముక్కుతో పని లేదు.

అది నాకు బాధ కాదు. బాధే గానీ, రాస్తున్నది దాని గురించి కాదు.

మీ బావ ఆఖరి రోజు వేసుకున్న చొక్కా ఉతకలేదు. డెయిరీవాళ్ళు ఇచ్చే ఖాకీ చొక్కానే. ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించి కట్టి, రేకుపెట్టెలో దాచాను. ఆదివారాలు తీసి కాలరు దగ్గర వాసన చూసి మళ్ళీ కట్టేసేదాన్ని. ఎక్కువసేపు తెరిస్తే పోతుందని భయం. మూత వాసన పోయినట్టు పోతుందని నాకు కాకపోతే ఎవరికి తెలుస్తుంది? మొన్న ఆదివారం తీశాను. ఏమీ లేదు. అంతకుముందు ఆదివారం కూడా లేదు. పోయింది నా ముక్కులోంచా, చొక్కాలోంచా? నాకు అదొక్కటే తెలియాలి. నా ముక్కులోంచి అయితే ఫర్వాలేదురా. ఆయన ఉన్నారు, నాకే కనపడటం లేదు అనుకుని బతుకుతాను. చొక్కాలోంచి అయితే ఆయన రెండోసారి పోయినట్టే.

ఇక్కడ ఎవర్ని అడగను? మా ఆయన చొక్కా వాసన చూడండని ఎవరి గుమ్మం ముందు నిలబడను? అందుకని నీకు పంపుతున్నాను. రేపు డ్రైవరు ఆఫీసులో ఇస్తాడు. ఒక్కసారే తెరువు. కాలరు దగ్గర చూడు. వెంటనే కట్టేసి అతని చేతికే ఇచ్చెయ్యి. ఉంది, లేదు, రెండిట్లో ఒక్క మాట రాయి చాలు.

ఈ ఉత్తరం సంచిలో పెడదామనుకున్నాను. సిరా వాసన అంటుకుంటుందని భయమేసి, పోస్టులో నీ ఇంటికి వేస్తున్నాను.

అక్క


జూలై 5

తమ్ముడూ,

డ్రైవరు ఖాళీ చేతులతో వచ్చాడు. "మీ తమ్ముడుగారు తీసుకున్నారమ్మా, చాలా సంతోషించారు, నవ్వారు" అన్నాడు. నవ్వావంటే ఉందన్నమాట అనుకుని ఆ పూట కడుపునిండా తిన్నాను. తర్వాత ఆలోచిస్తే, ఉంటే వెంటనే కట్టి అతని చేతికి ఇచ్చేవాడివి కదా అనిపించింది. లేకపోబట్టే నాకెలా చెప్పాలో తెలియక, పరాయివాడి ముందు ఏడవలేక నవ్వావేమో.

లేకపోతే లేదనే రాయి. నేను గట్టిదాన్నే. నువ్వు ఆలోచించి, మంచి మాట ఏరి, నన్ను ఓదార్చాలని చూడకు. ఒక్క మాట చాలన్నాను.

అక్క


జూలై 6

అక్కా,

గుడ్డముక్క అడిగితే ఏకంగా చొక్కా పంపిన మహాతల్లివి నువ్వు! డ్రైవరు చేతిలో ఆ సంచి చూసి నాకు నవ్వు ఆగలేదు.

ఆరోజు ఆఫీసులో పని సాగలేదంటే నమ్ము. సంచి విప్పగానే గుప్పుమంది. టైపిస్టు కిటికీలన్నీ తెరిచింది. ప్రూఫులాయన గవులు అంటారు, నేనేమో, కాదు, చమురు అంటాను. చివరికి చొక్కాని కుర్చీకి తగిలించి ఫ్యాను కింద పెట్టి ఒక్కొక్కరం వెళ్ళి చూసొచ్చాం. ఆఖరికి పెద్దాయన లేచి వచ్చారు. చొక్కా చేతిలోకి తీసుకుని, కాలరు దగ్గర చాలాసేపు ఉన్నారు. తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. సాయంత్రం నా బల్ల దగ్గరకొచ్చి, "ఇదేనయ్యా నిఫ్. ఇది ఎవరో భార్య ముక్కు చూడాల్సిన వాసన. మనం చూడకూడదు" అన్నారు. ఆయనకి భార్య లేదని, పోయి చాలా ఏళ్ళయిందని అప్పుడు గుర్తొచ్చింది నాకు.

పని అయిపోయింది కదా అని ఇంటికి తీసుకెళ్ళాను. మీ మరదలి సంగతి తెలిసిందే. రాత్రంతా సోడాలో నానబెట్టి, బండకేసి బాది, గంజిపెట్టి ఇస్త్రీ చేసింది. రెండో గుండీ లేకపోతే కొత్తది కుట్టింది కూడా. ఎవరిదో గానీ గుడ్డ గట్టిది, ఇంకా చాలాకాలం వస్తుంది. అవసరం ఉన్నవాళ్ళకి ఇయ్యి. డ్రైవరు చేతికి ఇస్తున్నాను, ఈ ఉత్తరం జేబులోనే పెట్టాను.

నీకు ఎంత చెప్పినా తక్కువే.

నీ తమ్ముడు


జూలై 9

అక్కా,

వానలకి రైళ్ళు ఆగిపోయి, నీ ఒకటో తారీఖు ఉత్తరం ఈ సాయంత్రం అందింది. ఐదో తారీఖుది కూడా దాంతోపాటే వచ్చింది. ఈపాటికి చొక్కా నీకు చేరిపోయి ఉంటుంది. నా జేబు ఉత్తరం కూడా.

గుమ్మంలో నిలబడే చదివాను. మీ మరదలు ఏమైందని అడిగింది. ఉత్తరం ఆమె చేతికిచ్చాను. చదివి, నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. అక్కడ్నుంచి లేవలేదు. తన రెండు చేతులూ చూసుకుంటోంది. ఆమె తప్పు ఏమీ లేదక్కా. చెప్పాల్సినవాణ్ణి నేను. గుర్తుపట్టాల్సినవాణ్ణి నేను. బావ చొక్కా పట్టుకుని పదిమంది ముందు వేళాకోళం చేశాను. అందరి ఖాకీ చొక్కాలూ ఒకలాగే ఉంటాయని ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటున్నాను, అది నాకే వినబుద్ధి కావట్లేదు.

నువ్వు ఒక్క మాట అడిగావు. ఉంది.

ఉందక్కా. నువ్వు ఎంత జాగ్రత్తగా దాచావో అంత బాగానూ ఉంది. సంచి విప్పగానే గదంతా వచ్చింది. పోయింది నీ ముక్కులోంచే. చొక్కాలోంచి మేమే పోగొట్టాం.

నన్ను తిట్టు. రాయడం మానకు.

తమ్ముడు


జూలై 14

తమ్ముడూ,

నీ రెండు ఉత్తరాలూ ఉన్నాయి నా దగ్గర.

డ్రైవరు పొట్లం ఇచ్చినప్పుడే తెలిసింది. ప్లాస్టిక్ సంచి లేదు. కాగితంలో మడత నలగకుండా ఉంది. చేత్తో తడిమితే గంజికి అట్టలా ఉంది. నాకు వాసన లేదు గానీ చేతులు ఉన్నాయి కదా. అక్కడే గేటు దగ్గర కూలబడ్డాను. పాపం డ్రైవరు, ఎవరైనా పోయారా అమ్మా అని అడిగాడు. అవునన్నాను.

ఆ గుండీ నేను కుట్టాల్సింది. ఆరోజు పొద్దున అది ఊడితే, సాయంత్రం వచ్చాక కుడతానన్నాను. మరదలికి చెప్పు, బాగా కుట్టిందని. నిజంగానే చెప్పమంటున్నాను, ఎత్తిపొడుపు కాదు. నీ మీద కోపం ఉంది, ఉంటుంది. ఎన్నాళ్ళుంటుందో నాకు తెలియదు. అడక్కు.

ఒక పని చెయ్యి. ఆఖరిసారి ఆయన్ని చూసినవాళ్ళు మీరే. మీ ఆఫీసువాళ్ళు ఒక్కొక్కరు ఏమన్నారో రాసి పంపు. నిఘంటువుకి కాదు, నాకు. నువ్వు మాటల మనిషివి కదా. ఆ వాసన నాకు మాటల్లో రాసిపెట్టు. ఎంత పొడుగైనా ఫర్వాలేదు.

అక్క


జూలై 20

అక్కా,

ఈ వారం మరే పనీ ముట్టుకోలేదు. సంగతి అందరికీ చెప్పేశాను. టైపిస్టు ఏడ్చింది. గుర్తున్నంతా చెప్పమని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని అడిగాను.

టైపిస్టు చెప్పింది: మొదట చమురు వచ్చిందట. ఆరిపోయిన పొయ్యి దగ్గర వచ్చేలాంటిది. ప్రూఫులాయన: చెమట, కానీ పుల్లటిది కాదు, ఉప్పటిది, గవులు అన్నందుకు క్షమించమని నీకు రాయమన్నారు. నాకు గుర్తున్నది తలనూనె, కాలరు లోపలివైపు, బావ వాడే ఆ పచ్చసీసాది. ఆ నూనె వాసన నాకు తెలిసి కూడా ఎందుకు తట్టలేదో దేవుడికే తెలియాలి. ఇంకా ఇనుము వేడెక్కితే వచ్చే వాసన ఒకటి ఉంది, చేతుల చివర.

పెద్దాయన్ని అడగడానికి భయపడ్డాను. ఆయనే పిలిచారు. "మీరందరూ చెప్పింది పైపైన ఉన్నది. అడుగున ఇంకొకటి ఉంది. కుడి భుజం దగ్గర, కాలరుకి కిందగా. పాలు. అప్పుడే పులవబోతున్న పాలు, చాలా కొంచెం" అన్నారు. బాయిలర్ మనిషి దగ్గర పాల వాసన ఎందుకుంటుందో ఆయనకీ నాకూ తెలియలేదు.

ఇంతేనక్కా. ఎన్నిసార్లు రాసినా ఇంతే వస్తోంది. చింపి మళ్ళీ రాశాను, మళ్ళీ ఇదే వచ్చింది. చమురు, చెమట, తలనూనె, ఇనుము, పాలు. వీటన్నిటినీ కలిపితే బావ రావట్లేదు. నిఫ్ ఇంకా ఖాళీగానే ఉంది, ఖాళీగానే వదిలేస్తానని పెద్దాయనకి చెప్పాను. సరేనన్నారు.

తమ్ముడు


జూలై 28

తమ్ముడూ,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. కళ్ళు మూసుకుని ఒక్కొక్క మాటా తలుచుకున్నాను. చమురు అంటే చమురు అని తెలుస్తోంది గానీ, లోపలికి ఏమీ రావట్లేదు. నీ తప్పు కాదు. మాటలకి అంతకన్నా చేతకాదేమో.

పాలు మీ బావవి కావు. నావి. పొద్దుటి పని అయ్యాక బాయిలర్ గది వెనక బల్లమీద కూర్చునేవాళ్ళం, నేను ఆయన కుడి భుజం మీద తల పెట్టుకునేదాన్ని. ఇంటికొచ్చాక కంపు అని నేను తోసేసిన దాంట్లో నాది కూడా ఉందన్నమాట. ఆయన ఒక్కనాడూ అనలేదు. నాకు ఇన్నేళ్ళూ తెలియదు. ఎవరి వాసన వాళ్ళకి తెలియదు కదా. ఇద్దరమూ కలిసి ఆ చొక్కాలో ఉన్నాం, ఇద్దరమూ కలిసే పోయాం. మీ పెద్దాయనకి నా నమస్కారాలు చెప్పు. ఆ ఒక్కటి ఆయన చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. తెలిసి ఇప్పుడు ఏం చేసుకోవాలో తెలియట్లేదు, అది వేరే సంగతి.

డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఇక రావద్దనలేదు గానీ, ఎప్పుడు రావాలో చెప్పలేదు.

చొక్కాని ఎవరికీ ఇవ్వలేదు. పెట్టెలో పెట్టడానికీ మనసొప్పలేదు, దాచడానికి అందులో ఏముంది గనక. అందుకని నేనే వేసుకుని పనికి వెళుతున్నాను. నాకు వదులే, చేతులు మడుస్తున్నాను. క్యాన్ల షెడ్డులో ఆవిరికీ పులిసిన కడుగునీళ్ళకీ సాయంత్రానికల్లా తడిసి ఒంటికి అంటుకుంటుంది. వచ్చి అలాగే కాసేపు గదిలో నిలబడతాను.

ఈపాటికి బాగానే కంపు కొడుతూ ఉండాలి. చెప్పేవాళ్ళు లేరు.

అక్క